పదమున అక్షరస్థానము: యంత్రము లెక్కయు, మన లెక్కయు

గత సంవత్సరము మన కళాశాల కంప్యూటరు ప్రయోగశాలలో అధ్యాపకులమును, విద్యార్థులమును కలసి ఒక చిన్న పని తలపెట్టితిమి. ఫీజు రాయితీకై దరఖాస్తు పెట్టుకొన్న విద్యార్థుల పేర్లను తెలుగులోను, ఉర్దూలోను ఒక పట్టికగా ఎక్కించి, ఎవరైనను వచ్చి అడిగినచో వారి పేరును తక్షణమే వెదకి చూపునట్టి ప్రోగ్రామును జావాస్క్రిప్టు భాషలో వ్రాసితిమి. రెండు దినములు అది చక్కగా పనిచేసినది. మూడవ దినమున ఒక విద్యార్థిని వచ్చెను. ఆమె పేరును ఉర్దూలో టైపు చేసి వెదకగా యంత్రము మైనస్ 1 అని సమాధానమిచ్చినది. అనగా ఆ పేరు పట్టికలో లేదని అర్థము. "లేదమ్మా, నీ దరఖాస్తు మాకు చేరలేదు" అని చెప్పితిమి. "మొదటి రోజే ఇచ్చాను సార్" అని మెల్లగా పలికి ఆమె అక్కడనే నిలుచుండిపోయెను.

కాగితముల కట్ట విప్పి చూడగా ఆమె దరఖాస్తు పైనుండి నాలుగవదిగా నున్నది. పట్టికలో చూడగా పేరు కూడ ఉన్నది. మేము టైపు చేసిన పేరునకును, పట్టికలోని పేరునకును మా కంటికి వెంట్రుకవాసి భేదమైనను కనిపింపలేదు. కంటికి కనిపించు పేరు యంత్రమునకు ఎందులకు కనిపింపలేదు? ఈ ప్రశ్నకు సమాధానము వెదకుచు మేము నేర్చుకొన్న సంగతులను తోటి విద్యార్థులకును, కళాశాల సంఘ సభ్యులకును విన్నవించుటయే ఈ వ్యాసముయొక్క ఉద్దేశము.

స్థానము అనగా నేమి?

జావాస్క్రిప్టు అను ప్రోగ్రామింగు భాషను 1995లో నెట్‌స్కేప్ సంస్థలో పనిచేయుచున్న బ్రెండన్ ఐక్ రూపొందించెను. 1997లో దానికి ప్రథమ ప్రమాణగ్రంథము వెలువడినది. నేడు వెబ్ పేజీలను చూపు బ్రౌజర్లన్నియు ఈ భాషను ఎరుగును. ఈ భాషలో వరుసగా కూర్చిన అక్షరముల దండను స్ట్రింగు అందురు. ఒక పేరు స్ట్రింగు. ఒక చిరునామా స్ట్రింగు. ఒక వ్యాసమంతయు కూడ ఒకే స్ట్రింగు కావచ్చును. ఈ దండలో ఒక అక్షరము ఎక్కడ నున్నదో చెప్పునట్టి సంఖ్యయే దాని స్థానము.

ఇచ్చట మొదటి చిక్కు వచ్చును. మనము ఒకటి, రెండు, మూడు అని లెక్కింతుము. యంత్రము సున్న, ఒకటి, రెండు అని లెక్కించును. ఇది వింతగా తోచినను, మన నగరమునందలి మెట్రో రైలును తలచుకొన్నచో సులభముగా బోధపడును. అమీర్‌పేటలో నీలిరంగు మార్గపు రైలెక్కి మాదాపూర్ వైపు పోవు విద్యార్థిని ఊహింతము. అమీర్‌పేటలో నిలుచున్నపుడు అతడు దాటిన దూరము సున్న. మధురానగర్ 1, యూసుఫ్‌గూడ 2, జూబ్లీహిల్స్ రోడ్ నంబరు ఐదు 3, జూబ్లీహిల్స్ చెక్‌పోస్టు 4, పెద్దమ్మగుడి 5, మాదాపూర్ 6, దుర్గం చెరువు 7, హైటెక్ సిటీ 8, చివరిదైన రాయదుర్గం 9. స్టేషన్లు మొత్తము పది. చివరి స్టేషను స్థానము మాత్రము 9. కావున యంత్రము చెప్పు స్థానము ఎన్నవది అనుదానికి సమాధానము కాదు. మొదటినుండి ఎంత దూరము అనుదానికి సమాధానము. స్ట్రింగు పొడవునకును, చివరి స్థానమునకును ఎల్లప్పుడు ఒకటి భేదముండుటకు కారణ మిదియే.

వెదకు పద్ధతి

ఒక అక్షరముయొక్క స్థానమును కనుగొనుటకు జావాస్క్రిప్టులో ఇండెక్స్‌ఆఫ్ అను పద్ధతి కలదు. స్ట్రింగు పేరు వ్రాసి, చుక్క పెట్టి, ఇండెక్స్‌ఆఫ్ అని వ్రాసి, కుండలీకరణముల మధ్య వెదకవలసిన అక్షరము నుంచినచో అది స్థానమును తెచ్చి ఇచ్చును. మన నగరము పేరునే ఉదాహరణముగా గైకొందము. "హైదరాబాద్" అను పదమును యంత్రము ఈ విధముగా దాచుకొనును.

0 – హ
1 – ఐత్వము
2 – ద
3 – ర
4 – దీర్ఘము
5 – బ
6 – దీర్ఘము
7 – ద
8 – పొల్లు

ఈ పదమున "ద" ఎక్కడ నున్నదని ఇండెక్స్‌ఆఫ్‌ను అడిగినచో 2 అని చెప్పును. అది సున్న స్థానమున మొదలుపెట్టి ముందుకు నడచి, మొదట దొరకిన చోటనే ఆగిపోవును. రెండవ "ద" కావలెనన్నచో ఏ స్థానమునుండి వెదకవలెనో దానిని కూడ తెలుపవలెను. 3 నుండి వెదకుమన్నచో 7 అని సమాధానము వచ్చును. లాస్ట్‌ఇండెక్స్‌ఆఫ్ అను మరియొక పద్ధతి చివరినుండి వెనుకకు వెదకును. దానిని అడిగినను 7 అనియే చెప్పును. ఒక్క అక్షరమునే కాక "బాద్" వంటి భాగమును కూడ వెదకవచ్చును. అపుడు ఆ భాగము మొదలగు స్థానము, అనగా 5, లభించును.

వెదకినది లేనిచో మైనస్ 1 వచ్చును. సున్న ఎందులకు రాదని విద్యార్థులు అడుగవచ్చును. సున్న అనగా మొదటి స్థానముననే ఉన్నదని అర్థము గనుక, లేదనుటకు దానిని వాడ వీలులేదు. దండలో ఎన్నడును స్థానము కాజాలని సంఖ్య యొకటి కావలెను; మైనస్ 1 అట్టిది. చార్మినారునకు పోవలసినవాడు నీలిరంగు మార్గమున ఎన్ని స్టేషన్లు పోయినను చేరజాలడు. అతనికి చెప్పవలసిన సమాధానము సున్న కాదు, "ఈ మార్గమున లేదు" అనునది.

ఈ చోటనే క్రొత్తగా నేర్చుకొనువారు తరచుగా పొరపడుదురు. జావాస్క్రిప్టులో "అయినచో" అను షరతునకు సున్న నిచ్చిన అసత్యమనియు, మైనస్ 1 ఇచ్చిన సత్యమనియు యంత్రము గ్రహించును. కావున ఇండెక్స్‌ఆఫ్ ఫలితమును నేరుగా షరతుగా వాడినచో, మొదటి స్థానముననున్న అక్షరము లేదనియు, అసలే లేని అక్షరము ఉన్నదనియు తలక్రిందుల తీర్పు వచ్చును. ఫలితము మైనస్ 1తో సమానము కాదా అని స్పష్టముగా పోల్చవలెను. స్థానముతో పనిలేక, ఉన్నదా లేదా అని మాత్రమే తెలియవలసి వచ్చినపుడు 2015 నాటి ప్రమాణముతో వచ్చిన ఇన్‌క్లూడ్స్ అను పద్ధతిని వాడుట మేలు.

ఒక అక్షరమా, రెండక్షరములా?

పై పట్టికను మరల ఒకసారి చూడుడు. హైదరాబాద్ అను పదమును చదువురాని బాలునిచే పలికించినను హై, ద, రా, బా, ద్ అని అయిదు ముక్కలుగా పలుకును. యంత్రము తొమ్మిది యని లెక్కించినది. ఎవరి లెక్క సరియైనది?

యంత్రము అక్షరములను ఎరుగదు. అక్షరములకు కేటాయించిన సంఖ్యలను మాత్రమే ఎరుగును. ప్రపంచ భాషల లిపులన్నిటికిని ఇట్టి సంఖ్యలను నిర్ణయించు ప్రమాణమునకు యూనికోడ్ అని పేరు. 1991లో వెలువడిన దాని ప్రథమ ప్రతిలోనే తెలుగునకు చోటు లభించినది. మన లిపికి 3072 మొదలు 3199 వరకు 128 స్థానములు కేటాయింపబడినవి. వానిలో "ద" సంఖ్య 3110, పొల్లు సంఖ్య 3149. హల్లులో అకారము ఇమిడియే యుండును గనుక తలకట్టునకు ప్రత్యేకముగా సంఖ్య లేదు. దీర్ఘమునకు, గుడికి, కొమ్మునకు, ఎత్వమునకు వేరువేరుగా సంఖ్యలు కలవు. జావాస్క్రిప్టు లెక్కించునది ఈ సంఖ్యలనే. "విద్య" అను పదము మనకు రెండక్షరములు. యంత్రమునకు వ, గుడి, ద, పొల్లు, య అని అయిదు. ఒత్తునకు వేరు సంఖ్య లేదు. రెండు హల్లుల నడుమ పొల్లు నిలచినచో రెండవ హల్లు ఒత్తుగా మారి కనిపించును.

అక్షరములను సంఖ్యలుగా భావించుట మనకు క్రొత్తదియు కాదు. ఉర్దూ, పారసీక కవులు అబ్జద్ పద్ధతిలో అలిఫ్‌నకు 1, బేకు 2, జీమ్‌కు 3, దాల్‌కు 4 అని విలువలు కట్టి, ఒక్క పదబంధములో ఒక సంవత్సరమును పొదుగుచుండిరి. మన శాస్త్రకారులు కటపయాది పద్ధతిలో హల్లులకు అంకెలు కట్టిరి. కర్ణాటక సంగీతమున మేళకర్త రాగముల పేర్లు నేటికిని ఆ లెక్క ననుసరించియే యున్నవి. సంయుక్తాక్షరము వచ్చినపుడు ఏ హల్లును లెక్కింపవలెనను ప్రశ్న వారికిని ఎదురైనది. చివరి హల్లునే గైకొనవలెనని వారు సాధారణ నియమ మొకటి చేసికొనిరి. కావున ఎవరి లెక్క సరియైనదను ప్రశ్నకంటె, ఏ పనికి ఏ లెక్క కావలెనను ప్రశ్న ముఖ్యమైనది. పద్యమునకు గణవిభజన చేయు ప్రోగ్రామునకు మన లెక్క కావలెను. ఒక పదమును మరియొక పదముతో పోల్చు ప్రోగ్రామునకు యంత్రము లెక్క చాలును.

మన లెక్క కావలసినపుడు సెగ్మెంటర్ అను సాధనమును జావాస్క్రిప్టు అందించుచున్నది. అది స్ట్రింగును పాఠకుడు చూచు ముక్కలుగా విడదీసి, ఒక్కొక్క ముక్క ఏ స్థానమున మొదలైనదో కూడ చెప్పును. 2024 నాటికి ఇది ప్రధాన బ్రౌజర్లన్నిటిలోను చేరినది. అయినను ఒక జాగ్రత్త అవసరము. యూనికోడ్ పూర్వ నియమముల ప్రకారము "విద్య" వి, ద్, య అని మూడు ముక్కలగుచుండెను. తెలుగు మొదలైన కొన్ని భారతీయ లిపులలో సంయుక్తాక్షరమును చీల్చరాదను నియమము 2023లో వచ్చిన 15.1 ప్రతిలో చేరినది. కావున పాత బ్రౌజరు మూడనియు, క్రొత్తది రెండనియు చెప్పవచ్చును. ఛందస్సు చదివిన విద్యార్థి ఈ భేదమును చూచినంతనే గుర్తించును. ఛందస్సు ఎరుగనివాడు రెండింటిని గ్రుడ్డిగా నమ్మును.

కంటికి కనిపించని భేదములు

ఇక మా విద్యార్థిని పేరు విషయమునకు వత్తము. ఉర్దూలో మన నగరము పేరును హే, యే, దాల్, రే, అలిఫ్ మద్దా, బే, అలిఫ్, దాల్ అని ఎనిమిది అక్షరములతో వ్రాయుదురు. ఉర్దూ కుడినుండి ఎడమకు సాగును గదా, స్థానములు కూడ ఎడమవైపునుండి లెక్కింపవలెనా అని కొందరు విద్యార్థులు సందేహించిరి. అట్లు కాదు. యంత్రము చదువు వరుసలోనే అక్షరములను దాచుకొనును. మొదట చదువబడునదే సున్న స్థానమున నుండును. తెరపై కుడినుండి ఎడమకు పేర్చుట చూపునప్పటి పని మాత్రమే. ఆ పదమున మొదటి దాల్ స్థానము 2, చివరి దాల్ స్థానము 7. పైని తెలుగు పట్టికలో రెండు "ద"ల స్థానములును ఇవియే. ఇది కాకతాళీయమే యైనను, రెండు లిపుల విద్యార్థులు ఒకే బల్లవద్ద కూర్చుండి లెక్కించి చూచి సంతోషించిరి.

చిక్కంతయు యే అను అక్షరముతో వచ్చినది. యూనికోడ్‌లో ఉర్దూ, పారసీకములు వాడు యేకు 1740 అను సంఖ్యయు, అరబ్బీ యేకు 1610 అను సంఖ్యయు కలవు. పదము చివర వీని రూపములు వేరు: అరబ్బీ యే క్రింద రెండు చుక్కలుండును, ఉర్దూ యే క్రింద ఉండవు. పదము మొదటను, మధ్యను మాత్రము రెండింటికిని చుక్కలుండి, రూపములు ఒక్కటిగనే యుండును. మా పట్టికను ఎక్కించినపుడు ఒక కంప్యూటరులో అరబ్బీ కీబోర్డు అమరియున్నది. వెదకినపుడు వాడినది ఉర్దూ కీబోర్డు. ఆ విద్యార్థిని పేరు మధ్యలో యే ఉన్నది. మేము 1740ని వెదకితిమి, పట్టికలో 1610 ఉన్నది. యంత్రము అబద్ధమాడలేదు, అడిగినదానికి సరిగనే బదులు చెప్పినది. అడుగుటయే మాకు తెలియలేదు. కాఫ్ అను అక్షరమునకు కూడ ఉర్దూలో ఒకటి, అరబ్బీలో మరియొకటి సంఖ్యలు కలవు.

తెలుగువారు ఇది ఉర్దూ వారి కష్టమని తలంపరాదు. హైదరాబాద్ అను పదములోని ఐత్వమును రెండు విధములుగా దాచవచ్చును: ఒకే సంఖ్యగా నైనను, ఎత్వమును దాని క్రింది గుర్తును కలసి రెండు సంఖ్యలుగా నైనను. రెండవ విధముగా దాచినచో పదము పొడవు 9 కాక 10 అగును; మొదటి "ద" 2 నుండి 3కు జరుగును. "సాఫ్ట్‌వేర్" అను పదమును వ్రాయునపుడు "వే" ఒత్తుగా మారకుండుటకై నడుమ కంటికి కనిపించని గుర్తు నొకదానిని ఉంచుదురు. దాని సంఖ్య 8204. దానితో ఆ పదము పొడవు 11, అది లేనిచో 10. ఆ గుర్తులేక టైపు చేసినవాడు ఆ గుర్తుగల వ్యాసమున ఎంత వెదకినను మైనస్ 1 తప్పదు.

చేయవలసిన పనులు

మా అనుభవమునుండి తేలిన నియమములు నాలుగు.

మొదటిది, పోల్చుటకు ముందు రెండు స్ట్రింగులను నార్మలైజ్ అను పద్ధతిచే ఒకే రూపమునకు తేవలెను. ఐత్వముయొక్క రెండు రూపములును, అలిఫ్ మద్దాయొక్క రెండు రూపములును దీనిచే ఒక్కటియగును.

రెండవది, నార్మలైజ్ అన్నిటిని సరిచేయునని నమ్మరాదు. రెండు యేలను, రెండు కాఫ్‌లను అది వేరువేరుగనే ఉంచును. కనిపించని 8204ను తొలగింపదు. వీనిని ప్రోగ్రాము వ్రాయువారే ఎరిగి మార్చవలెను. మేము అరబ్బీ యే, కాఫ్‌లను ఉర్దూ రూపములకు మార్చి, 8204ను తీసివేసి, ఆపైన వెదకుట మొదలిడితిమి.

మూడవది, ఈ మార్పులను వెదకుటకై చేసికొన్న నకలులోనే చేయవలెను. మూలమునందలి పేరు వ్రాసినవారి సొత్తు, దానిని ముట్టరాదు. నకలులో దొరకిన స్థానము మూలమున అదే స్థానము కాకపోవచ్చుననియు గుర్తుంచుకొనవలెను. మూలములో ఆ చోటును రంగుతో చూపవలసి వచ్చినచో స్థానమును మరల లెక్కింపవలెను.

నాలుగవది ప్రోగ్రామునకు సంబంధించినది కాదు. మైనస్ 1 అనగా "నీవు అడిగిన సంఖ్యల వరుస ఇందులో లేదు" అని మాత్రమే అర్థము. "ఈ మనిషి లేదు" అని కాదు. యంత్రము లేదన్నపుడు ఎదుట నిలిచినవారితో లేదని చెప్పుటకు ముందు కాగితముల కట్ట విప్పి చూడవలెను. మేము చేయని పని అదియే.

ముగింపు

1998 నవంబరు 22న మాదాపూర్‌లో సైబర్ టవర్స్ భవనమును నాటి ప్రధానమంత్రి అటల్ బిహారీ వాజపేయి ప్రారంభించిరి. ఆ సంవత్సరముననే గచ్చిబౌలిలోని అంతర్జాతీయ సమాచార సాంకేతిక విజ్ఞాన సంస్థయు, మౌలానా ఆజాద్ జాతీయ ఉర్దూ విశ్వవిద్యాలయమును జన్మించినవి. కంప్యూటరు విద్యయు, ఉర్దూ విద్యయు ఒకే ప్రాంతమున, ఒకే ఏట పాదుకొన్నవి. 2017 నవంబరులో తెలంగాణ శాసనసభ రాష్ట్రమంతటికిని ఉర్దూను ద్వితీయ అధికార భాషగా చేయు బిల్లును ఆమోదించినది. ఇకపై ఎన్నో కార్యాలయములలో పేర్లు రెండు లిపులలో ఎక్కును, రెండు లిపులలో వెదకబడును.

విద్యార్థి మిత్రులారా, హైటెక్ సిటీ భవనములను చూచి, మనకు ఇంటిలో వచ్చిన భాషలు అక్కడ పనికిరావని మీలో కొందరు తలంచుచున్నారు. ఇండెక్స్‌ఆఫ్ పద్ధతిని ఒక్క గంటలో ఎవరైనను నేర్వవచ్చును. రెండు యేలకు భేదము కలదనియు, ద్య ఒక్కటే అక్షరమనియు ఎరిగినవాడు మాత్రమే ఆ పద్ధతిని మన ప్రజల పేర్లపై సక్రమముగా ప్రయోగింపగలడు. ఆ ఎరుక మీకు పుస్తకములనుండి కాక తల్లిదండ్రులనుండి వచ్చినది. దానిని వదలుకొనకుడు.

కళాశాల సంఘమువారికి ఒక మనవి. ప్రయోగశాలలోని కంప్యూటర్లన్నిటిలోను ఉర్దూకు ఒకే కీబోర్డును, తెలుగునకు ఒకే కీబోర్డును అమర్పింప ప్రార్థన. ఖర్చు లేని పని యిది. ఒక మధ్యాహ్నము చాలును.

ఆ విద్యార్థిని మరల వచ్చినపుడు ఆమె ఎదుటనే పేరును టైపు చేసితిమి. యంత్రము 0 అని చెప్పినది. "సున్నా అంటే లేనట్టే కదా సార్?" అని ఆమె భయపడుచు అడిగెను. ఉన్నదనియు, మొదటి స్థానముననే ఉన్నదనియు చెప్పి, ఆమెను కూర్చుండబెట్టి ఈ పాఠమును మొదటినుండి చెప్పితిమి.